కడప నుంచి కువైట్‌కు, కర్నూలు నుంచి డల్లాస్‌కు: విమాన దూరం, ప్రయాణ సమయం మీరే లెక్కగట్టుకోండి

రాయచోటిలో గానీ రాజంపేటలో గానీ ఏ ట్రావెల్స్ ఆఫీసుకు పోయినా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "అన్నా, కువైట్‌కు ఎంతసేపు పడ్తాది?" కౌంటర్లో ఉన్నాయన తల ఎత్తకుండానే చెప్తాడు: "ఐదు గంటలు." ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది విమానం లెక్క. ఇంట్లో సూట్‌కేసుకు తాడు బిగించినప్పటి నుంచి కువైట్ ఎయిర్‌పోర్టు బయట బంధువు కారెక్కేదాకా లెక్కేస్తే పదిహేను, పదహారు గంటలు. ఈ రెండు అంకెల మధ్య తేడా తెలియకనే కార్లు ఆలస్యంగా మాట్లాడుకోవడం, కనెక్షన్ విమానాలు తప్పిపోవడం, తేదీ పొరపాటుతో టికెట్ గాలికి పోవడం జరుగుతుంటాయి.

ఈ లెక్క తలకు మించిందేం కాదు. పదో తరగతి గణితం, చేతిలో ఫోను ఉంటే చాలు. కాస్త ఓపికగా కూర్చుంటే ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దూరం, సమయం మీరే కట్టుకోవచ్చు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. ఎన్ని కిలోమీటర్లు అన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి: భూమి మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి ఒకటి, విమానం నిజంగా తిరిగే దారి ఇంకొకటి. ఎన్ని గంటలు అన్నదానికి మూడున్నాయి: గాల్లో ఉండే సమయం, టికెట్ మీద వేసే సమయం, ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం. మనం ఒక్కొక్కటీ వరసగా కట్టుకుంటూ పోదాం.

మొదటి పని: అక్షాంశ రేఖాంశాలు రాసుకోవడం

గూగుల్ మ్యాప్స్ తెరిచి ఎయిర్‌పోర్టు మీద వేలు కాసేపు అదిమి పెట్టండి. ఎర్ర గుర్తు పడుతుంది, రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. రేఖాంశం ముందు మైనస్ ఉంటే గ్రీనిచ్‌కు పడమటి వైపున్న ఊరని అర్థం. అమెరికా ఊళ్లన్నిటికీ ఆ మైనస్ వస్తుంది. మనకు పనికొచ్చేవి కొన్ని ఇక్కడే ఇస్తున్నాను, కాగితం మీద ఎక్కించుకోండి:

కడప: 14.47, 78.82
కర్నూలు: 15.83, 78.04
శంషాబాద్ ఎయిర్‌పోర్టు: 17.24, 78.43
బెంగళూరు ఎయిర్‌పోర్టు: 13.20, 77.71
చెన్నై ఎయిర్‌పోర్టు: 12.99, 80.17
కువైట్: 29.23, 47.97
దోహా: 25.27, 51.61
డల్లాస్: 32.90, -97.04

దశాంశం తర్వాత రెండు అంకెలు చాలు. అంతకు మించి రాసుకున్నా చివరి జవాబు ఒకటి రెండు కిలోమీటర్లకు మించి మారదు.

రెండో పని: గల్ఫ్ దూరానికి బడిలో నేర్చిన లెక్క

అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే భూమి మీద సుమారు 111 కిలోమీటర్లు. ఇది ఎక్కడైనా దాదాపు ఒకటే. రేఖాంశం అట్లా కాదు, ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖలు దగ్గరపడతాయి కాబట్టి డిగ్రీ పొడవు తగ్గుతూ వస్తుంది. 111ను ఆ అక్షాంశపు కాస్ విలువతో గుణిస్తే అక్కడి పొడవు తెలుస్తుంది.

కడప నుంచి కువైట్‌కు చూద్దాం. అక్షాంశాల తేడా 14.76 డిగ్రీలు. 111తో గుణిస్తే 1,638 కిలోమీటర్లు, ఉత్తరానికి జరగాల్సినంత. రేఖాంశాల తేడా 30.85 డిగ్రీలు. రెండు ఊళ్ల అక్షాంశాల సగటు సుమారు 22, కాస్ 22 అంటే 0.927, కాబట్టి ఈ దారిలో రేఖాంశపు డిగ్రీ 103 కిలోమీటర్లు. 30.85ను 103తో గుణిస్తే 3,178 కిలోమీటర్లు, పడమటికి జరగాల్సినంత. ఇక ఇది లంబకోణ త్రిభుజమే. రెండు భుజాల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 3,575 వస్తుంది.

గోళం లెక్క (మూడో పనిలో చూపిస్తాను) ప్రకారం కచ్చితమైన దూరం సుమారు 3,565. పది కిలోమీటర్ల తేడా, అంతే. దుబాయ్, మస్కట్, దోహా, రియాద్, సింగపూర్... వీటన్నిటికీ ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

మూడో పని: అమెరికా దూరానికి గోళం లెక్క

ఇదే పద్ధతితో కర్నూలు నుంచి డల్లాస్‌కు కడితే బోల్తా పడతారు. చేసి చూడండి, దాదాపు 17,800 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం సుమారు 14,570. మూడు వేల కిలోమీటర్లకు పైగా తేడా!

ఎందుకు తప్పిందో తెలియాలంటే ఒక చీనీకాయ, ఒక దారం తీసుకోండి. కాయకు నడిమి నుంచి కాస్త పైన ఒక చుక్క పెట్టండి. వెనక వైపు, ఇంచుమించు అదే ఎత్తులో ఇంకో చుక్క పెట్టండి. ఇప్పుడు రెండు చుక్కల మధ్య దారాన్ని బిగించి లాగండి. దారం పక్క నుంచి చుట్టుకుని పోదు, జారి కాయ తొడిమ దగ్గరికి ఎక్కుతుంది. పొట్టి దారి పైనుంచే. బడిలో గోడకు వేలాడే మ్యాపు ఈ సంగతి దాచేస్తుంది, ఎందుకంటే అది గుండ్రటి భూమిని బలవంతంగా పరిచి గీసింది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు.

గోళం మీద ఈ పొట్టి దారిని మహావృత్తం అంటారు, పైలట్ల నోట గ్రేట్ సర్కిల్. దాని సూత్రం ఇది:

కాస్ (కోణం) = సైన్ (మొదటి అక్షాంశం) × సైన్ (రెండో అక్షాంశం) + కాస్ (మొదటి అక్షాంశం) × కాస్ (రెండో అక్షాంశం) × కాస్ (రేఖాంశాల తేడా)

వచ్చిన కోణాన్ని 111.2తో గుణిస్తే కిలోమీటర్లు. ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచి ఫోన్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో సైన్, కాస్ మీటలు బయటికొస్తాయి. అక్కడొక చిన్న మీట ఉంటుంది, డిగ్రీలా రేడియన్లా అని. ముందు అది డిగ్రీలలో ఉందో లేదో చూడండి. రేడియన్లలో పెట్టి కడితే కడప నుంచి కువైట్‌కు దూరం ఏ బళ్లారిదాకానో వచ్చినా రావచ్చు.

శంషాబాద్ నుంచి కువైట్‌కు చేసి చూపిస్తాను. సైన్ 17.24 అంటే 0.2964, సైన్ 29.23 అంటే 0.4883. గుణిస్తే 0.1447. కాస్ 17.24 అంటే 0.9551, కాస్ 29.23 అంటే 0.8727, రేఖాంశాల తేడా 30.46 కాబట్టి దాని కాస్ 0.8620. మూడూ గుణిస్తే 0.7185. రెండు ముక్కలూ కలిపితే 0.8632. ఏ కోణానికి కాస్ 0.8632 అవుతుందో విలోమ కాస్ మీట చెప్తుంది: 30.32 డిగ్రీలు. 111.2తో గుణిస్తే సుమారు 3,370 కిలోమీటర్లు.

ఇదే సూత్రంతో బెంగళూరు నుంచి కువైట్‌కు 3,540, చెన్నై నుంచి 3,780 వస్తాయి. ఈ మూడు అంకెలూ గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తాయి.

డల్లాస్ విషయంలో మన సీమ వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. కర్నూలు రేఖాంశం 78 తూర్పు, డల్లాస్ 97 పడమర. కలిపితే 175. అంటే రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపులున్నాయి, పొట్టి దారి ఉత్తర ధ్రువాన్ని దాదాపు ఒరుసుకుంటూ పోతుంది. అట్లాంటప్పుడు సైన్, కాస్ కూడా అక్కర్లేదు. కర్నూలు నుంచి ధ్రువానికి 90 లోంచి 15.83 తీసేస్తే 74.17 డిగ్రీలు. ధ్రువం నుంచి డల్లాస్‌కు 90 లోంచి 32.90 తీసేస్తే 57.10. మొత్తం 131.27. 111తో గుణిస్తే 14,570. కచ్చితమైన లెక్కకు అతుక్కున్నట్టే ఉంది. సూత్రంతో కట్టిన జవాబు సరైనదో కాదో చూసుకోవడానికి టెక్సస్ ఊళ్లకు ఈ చిట్కా చాలు.

ధ్రువం మీది దారి కాగితం మీది మాట కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలిసారి నేరుగా నడిపిన విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, పాపగారి తన్మయితో సహా కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. దాదాపు 14,000 కిలోమీటర్లు, పదిహేడు గంటల పైచిలుకు.

నాలుగో పని: కిలోమీటర్లను గంటల్లోకి మార్చడం

వేగం విమానాన్ని బట్టి ఉంటుంది. గల్ఫ్‌కు తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 రకాలు పైకెక్కాక గంటకు సుమారు 830 కిలోమీటర్లు పోతాయి. అమెరికాకు పోయే 777, 787, 350 లాంటి పెద్దవి 900 దాకా. కడప, కర్నూలు లాంటి చిన్న ఎయిర్‌పోర్టులకొచ్చే రెక్కల పంకాల ఏటీఆర్ 500.

దూరాన్ని వేగంతో భాగించి దానికి అరగంట కలపండి. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, మలుపులు తిరగడం అన్నీ ఆ అరగంటలో సర్దుకుంటాయి. చిన్న దూరాల్లో ఈ అరగంటే సగం ప్రయాణం. కడప నుంచి శంషాబాద్‌కు నేరుగా గీత గీస్తే 310 కిలోమీటర్లు. ఏటీఆర్‌కు గాల్లో ముప్పై ఏడు నిమిషాల పని, టికెట్ మీద మాత్రం గంట కనిపిస్తుంది.

ఇక గాలి సంగతి. విమానాలు తిరిగే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులుంటాయి, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఉత్తర భారతం, గల్ఫ్ మీద ఇవి జోరుగా ఉంటాయి. అందుకే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. గంటకు 80 కిలోమీటర్ల గాలి అనుకుంటే, శంషాబాద్ నుంచి కువైట్‌కు పోయే వేగం 750: 3,370ని 750తో భాగిస్తే నాలుగున్నర గంటలు, అరగంట కలిపితే ఐదు. వచ్చేటప్పుడు వేగం 910: మూడు గంటల నలభై నిమిషాలు, అరగంట కలిపితే నాలుగుంబావుకు కాస్త తక్కువ. ట్రావెల్స్ వాళ్లు చెప్పే "ఐదు గంటలు" ఇక్కడి నుంచి వచ్చిందే.

వానాకాలంలో కథ మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద పైగాలి తూర్పు నుంచి పడమటికి తిరుగుతుంది. ఈ తూర్పు జెట్‌ను 1950లలో గుర్తించి లోకానికి వివరించిన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం మన తెలుగాయనే. ఆ నెలల్లో గల్ఫ్‌కు పోయే విమానానికి ఎదురుగాలి బెడద తగ్గుతుంది.

విమానం తిరిగే దారి మహావృత్తం కన్నా ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది. కొన్నిసార్లు బాగా ఎక్కువ. 2022 ఫిబ్రవరి నుంచి రష్యా తన గగనతలాన్ని ఐరోపా దేశాల విమానాలకు, ఆ తర్వాత అమెరికా విమానాలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత విమానాలకు మూసేసింది, ఢిల్లీ నుంచి పడమటికి పోయే సర్వీసులు చుట్టు తిరగాల్సి వచ్చింది. ఒకే ఊరికి ఒక కంపెనీ విమానం గంట ముందు చేరితే ఇంకో కంపెనీది ఆలస్యంగా చేరడానికి ఇదొక కారణం. వార్తల్లో గగనతలం మూసివేత అని వినపడితే మీ కాగితం మీది లెక్క పక్కన పెట్టి కంపెనీ వేసిన సమయమే చూసుకోండి.

ఐదో పని: టికెట్ మీది గడియారాన్ని విప్పడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక, ఖతార్ రెండున్నర గంటలు వెనక. వీటికి ఎండాకాలం, చలికాలం తేడా లేదు. డల్లాస్‌కు ఉంది: మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు వెనక, మిగతా నెలల్లో పదకొండున్నర.

పద్ధతి ఒక్కటే. చేరే సమయాన్ని మన సమయంలోకి మార్చుకుని, అప్పుడు బయల్దేరిన సమయం తీసెయ్యండి. ఉదయం 8:00కు హైదరాబాద్‌లో ఎక్కి 10:30కు కువైట్‌లో దిగుతారని టికెట్ మీద ఉందనుకోండి. రెండున్నర గంటల్లో చేరిపోయినట్టు కనిపిస్తుంది. కువైట్ 10:30 మనకు మధ్యాహ్నం 1:00. అంటే ఐదు గంటలు. తిరుగు టికెట్ రాత్రి 10:00కు కువైట్‌లో ఎక్కి తెల్లవారుజామున 4:45కు దిగేది. చూడ్డానికి ఆరు గంటల నలభై ఐదు నిమిషాలు. కువైట్ 10:00 మనకు అర్ధరాత్రి దాటి 12:30, కాబట్టి అసలు పట్టేది నాలుగుంబావు గంటలు.

టైమ్ జోన్ తేడా గుర్తు లేకపోయినా ఒక ఉపాయం ఉంది. పోను, రాను రెండు టికెట్లలో పైకి కనిపించే సమయాలను కలపండి: 2:30, 6:45 కలిపితే 9:15. అసలు సమయాలు 5:00, 4:15 కలిపినా 9:15. పోయేటప్పుడు పోగొట్టుకున్న గడియారం వచ్చేటప్పుడు తిరిగి కలుస్తుంది కాబట్టి మొత్తం మారదు. రెండుతో భాగిస్తే ఒక వైపు సగటు వచ్చేస్తుంది. ఎన్ని స్టాపులున్న టికెట్‌కైనా, ఏ దేశానికైనా ఇది పనిచేస్తుంది. మధ్యలో గడియారం మార్చే ఆదివారం మాత్రం పడకూడదు.

తేదీ దగ్గర ఇంకా జాగ్రత్త. గల్ఫ్, అమెరికా విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక లేస్తాయి. 15వ తేదీ 03:30 అని టికెట్ మీద ఉంటే, 14వ తేదీ రాత్రి భోజనం చేసి ఎయిర్‌పోర్టులో ఉండాలి. "పదిహేనో తారీకు రాత్రి కదా" అని 15న సాయంత్రం కారు ఎక్కితే విమానం పోయి పద్నాలుగు గంటలై ఉంటుంది. కారు డ్రైవరుకు చెప్పేటప్పుడు తేదీతో పాటు వారం కూడా చెప్పండి: "శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఇంటి దగ్గరుండాల." మన వాళ్ల నోట "రాత్రి" అన్న మాట తెల్లవారుజాము దాకా సాగుతుంది, టికెట్‌కు ఆ మర్యాద లేదు.

ఆరో పని: ఏ ఎయిర్‌పోర్టు?

నా ఉద్దేశంలో ఈ లెక్కలన్నిటిలోకీ సీమ వాళ్లకు నిజంగా అక్కరకొచ్చేది ఇదే. మన కడప, కర్నూలు, అనంతపురం మూడింటిలో దేని నుంచీ గల్ఫ్‌కు గానీ అమెరికాకు గానీ పెద్ద విమానం లేవదు. శంషాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఒకటి ఎంచుకోవాలి. అప్పుడు గాలి దూరం చూసి ఎంచుకోకండి, రోడ్డు చూసి ఎంచుకోండి.

కారణం చిన్న భాగాహారంలో ఉంది. విమానం గంటకు 800 పోతే మన కారు సగటున 50 పోతుంది. రోడ్డు మీద ఒక గంట, గాల్లో 800 కిలోమీటర్లకు సమానం. చెన్నై నుంచి కువైట్ శంషాబాద్ కన్నా 410 కిలోమీటర్లు ఎక్కువ కదా, విమానానికి అది అరగంట. కడప నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు 270 కిలోమీటర్లకు అటూ ఇటూ, శంషాబాద్ 400కు దగ్గర. రోడ్డు మీద తేడా 130 కిలోమీటర్లే, కానీ పట్టేది గంటన్నరకు తక్కువ కాదు.

కడప టౌన్ నుంచి కువైట్‌కు మొత్తం కట్టి చూద్దాం. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు కౌంటర్ దగ్గరుండాలి. దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను కలిపి గంటన్నర వేసుకుందాం. బెంగళూరు మీదుగా అయితే కారులో ఐదు గంటలు, ముందస్తు మూడు, విమానం ఐదుంబావు, దిగాక గంటన్నర: పద్నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు. చెన్నై మీదుగా కారు ఆరు, ముందస్తు మూడు, విమానం ఐదున్నర, దిగాక గంటన్నర: పదహారు. హైదరాబాద్ మీదుగా కారు ఏడున్నర, మూడు, ఐదు, ఒకటిన్నర: పదిహేడు. గాల్లో అన్నిటికన్నా దగ్గరైన ఎయిర్‌పోర్టే మొత్తం మీద అన్నిటికన్నా దూరమైంది చూశారా!

దీనికి రోడ్డు ఎట్లాంటిదో కూడా కలపాలి. కడప నుంచి రాయచోటి మీదుగా బెంగళూరుకు పోతే గువ్వలచెరువు ఘాట్ దాటాలి. ఏ లారీ అయినా మలుపులో అడ్డం తిరిగితే కిందా పైనా బండ్లు బారులు తీరుతాయి, కోవా తింటూ కూర్చోవడమే. చెన్నై దారిలో కోడూరు దాటాక బాలపల్లె అడవి, ఆ పైన చెన్నై ఎయిర్‌పోర్టు ఊరికి దక్షిణాన మీనంబాకంలో ఉంటుంది కాబట్టి ఊరు చుట్టుకునో చీల్చుకునో పోవాలి. దేనికైనా గంటన్నర అదనంగా చేతిలో ఉంచుకోండి. రాత్రి ప్రయాణమైతే రెండు.

ఊరు మారితే జవాబు మారుతుంది. రాజంపేట, కోడూరు వాళ్లకు చెన్నై. రాయచోటి, పులివెందుల, మదనపల్లె వైపు వాళ్లకు బెంగళూరు. అనంతపురం వాళ్లకు తర్జనభర్జనే అక్కర్లేదు: 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే పెనుకొండ, చిక్కబళ్లాపురం దాటి దేవనహళ్లి దగ్గర, బెంగళూరు ఊళ్లోకి పోకముందే ఎయిర్‌పోర్టు. సుమారు 180 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు. కర్నూలు వాళ్లకూ అదే రోడ్డు, అటువైపు: హైదరాబాద్ ఊరి ట్రాఫిక్‌లో పడకముందే శంషాబాద్ వచ్చేస్తుంది. బస్సులో పోయేవాళ్లు హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ దాకా టికెట్ తీసినా శంషాబాద్‌లో దిగిపోతే గంట పైన మిగులుతుంది.

ఇదంతా చెప్పాక కూడా ఒక మాట: నేరు విమానం అన్ని రోజులూ అన్ని చోట్ల నుంచీ ఉండదు. మీ తేదీకి బెంగళూరు నుంచి నేరు సర్వీసు లేక మధ్యలో నాలుగు గంటలు ఆగాల్సి వస్తే, చెన్నై నేరు విమానమే మేలు. లెక్క మళ్లీ కట్టండి, ఐదు నిమిషాల పని.

కడప, ఓర్వకల్లు నుంచి ఎగిరి పోవచ్చా?

పోవచ్చు, కానీ లెక్క చూసుకుని. కడప ఎయిర్‌పోర్టు 2015లో మొదలైంది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లను విమానాలతో కలిపే ఉడాన్ పథకం కింద దేశంలో మొదట జెండా ఊపిన సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. కర్నూలుకు దగ్గర ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో తెరుచుకుంది. ఈ రెండు చోట్లా సర్వీసుల రోజులు, వేళలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే వారంలోనే చూసుకోవాలి.

గంట ప్రయాణమని మురిసిపోకండి. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు అరగంట, ముందస్తు గంటన్నర, విమానం గంట, హైదరాబాద్‌లో దిగి సామాను తీసుకుని అంతర్జాతీయ కౌంటర్‌కు మారి అక్కడ మళ్లీ మూడు గంటల ముందస్తు. పగటి ఏటీఆర్‌కు, తెల్లవారుజాము గల్ఫ్ విమానానికి మధ్య పది పన్నెండు గంటల ఖాళీ పడితే కారులో పోయినదానికన్నా అధ్వాన్నం. అన్నిటికన్నా ముఖ్యం, రెండు ప్రయాణాలు ఒకే బుకింగ్‌లో ఉన్నాయా లేదా. వేర్వేరుగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనా రెండోదానికి ఎవరూ పూచీ ఉండరు. పైగా దేశంలోపలి టికెట్‌కు మామూలుగా 15 కిలోల సామానే, గల్ఫ్ టికెట్‌కు 30 ఉంటే మిగతా 15 కిలోలకు అక్కడికక్కడే డబ్బు కట్టమంటారు. పచ్చళ్ల డబ్బాలు ఇంటికి తిరిగొచ్చేది అక్కడి నుంచే.

స్టాపులున్న దూర ప్రయాణం

కర్నూలు నుంచి డల్లాస్‌కు దోహా మీదుగా కట్టి చూపిస్తాను. శంషాబాద్–దోహా 2,910 కిలోమీటర్లు, దోహా–డల్లాస్ 12,740. మొత్తం 15,650. శంషాబాద్ నుంచి డల్లాస్‌కు నేరు గీత 14,420. స్టాపు వల్ల పెరిగింది 1,230 కిలోమీటర్లు, విమానానికి గంటన్నర కూడా కాదు. అసలు సమయం తినేది నేల మీది నిరీక్షణ.

గంటలు ఇట్లా: దోహాకు నాలుగుంబావు, అక్కడ ఆగడం మూడు, డల్లాస్‌కు పదిహేను గంటల నలభై ఐదు నిమిషాలు. మొత్తం ఇరవై మూడు. తెల్లవారుజామున 03:30కు ఎక్కితే మన గడియారంలో మర్నాడు 02:30కు చేరతారు. ఎండాకాలమైతే పదిన్నర తీసేయండి: డల్లాస్‌లో అదే తేదీ సాయంత్రం 4:00. చలికాలంలో పదకొండున్నర తీసేస్తే 3:00. దీనికి ముందు కర్నూలు నుంచి నాలుగు గంటలు, ముందస్తు మూడున్నర, దిగాక ఇమ్మిగ్రేషన్‌కు రెండు కలపండి. ముప్పై రెండున్నర గంటలు. పిల్లల్ని చూడ్డానికి మొదటిసారి పోయే పెద్దవాళ్లకు ఈ అంకె ముందే చెప్పడం మంచిది. బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలోనే, ఒకటిన్నర రోజుకు సరిపడా ఉండాలి. ఏ మాత్ర ఎప్పుడు అన్నది మన గడియారం ప్రకారం చీటీ రాసివ్వండి, ఇన్సులిన్ వాడేవాళ్లైతే డాక్టర్‌నే అడగండి.

మధ్య స్టాపు గంటన్నర కన్నా తక్కువుంటే నేను కొనను. పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ అడిగి ఉంటే మూడు గంటలైనా ఉండాలి, కుర్చీ వచ్చేదాకా ఆగాలి కాబట్టి. ఎనిమిది దాటితే చవకైనా దండగే.

చివరి పని: సరిచూసుకోవడం

మీరు కట్టిన దూరాన్ని గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు వేసి చూసుకోవచ్చు. శంషాబాద్‌కు హెచ్‌వైడీ, బెంగళూరుకు బీఎల్‌ఆర్, చెన్నైకి ఎంఏఏ, కడపకు సీడీపీ, కర్నూలుకు కేజేబీ. పది ఇరవై కిలోమీటర్ల తేడా వస్తే ఫరవాలేదు, వందల్లో వస్తే ఎక్కడో మైనస్ గుర్తు మరిచిపోయారు.

సమయానికి ఫ్లైట్‌రాడార్24 మేలు. టికెట్ మీదున్న విమానం నంబరు అందులో వేస్తే గత వారం రోజులు అది ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, ఎంతసేపు ఎగిరింది అంతా వస్తుంది. వారంలో మూడు సార్లు గంట ఆలస్యమైందని కనిపిస్తే, మీ కనెక్షన్‌కు ఆ గంట పక్కన పెట్టుకోండి. బయల్దేరే రోజు ఇంకో పని చెయ్యండి: మిమ్మల్ని తీసుకుపోవాల్సిన విమానం అవతలి ఊరి నుంచి లేచిందో లేదో చూడండి. అది అక్కడే ఉండిపోతే కంపెనీ నుంచి మెసేజ్ రాకముందే మీకు విషయం తెలిసిపోతుంది. అట్లాగని కారు ఆలస్యంగా ఎక్కకండి, కౌంటర్ మూసే వేళ మాత్రం టికెట్ మీది సమయం ప్రకారమే ఉంటుంది.